పెట్టె తెరిచే ముందు లెక్క: నిధి, ఆయుధాలపై మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే చిక్కు గురించి: ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ క్యాంపెయిన్‌లో ప్లేయర్లకు ఏం ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వాలి, ఇచ్చింది ఎక్కువైతే ఏం చేయాలి? వేరే ఆట పేరు చెప్పిన చోట తప్ప, కింది అంకెలన్నీ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్, 2014 నియమాలవి.

ప్ర: మా బృందం ఐదో లెవెల్‌లో ఉంది. నిధి పట్టిక మీద పాచిక వేస్తే ప్లస్ 2 డాలు వచ్చింది, ఫైటర్ తీసుకున్నాడు. అతనికి ప్లేట్ కవచం ముందే ఉంది. ఇప్పుడు అతన్ని ఎవరూ తాకలేకపోతున్నారు. శత్రువుల బలం పెంచితే విజార్డ్ మొదటి రౌండ్‌లోనే పడిపోతున్నాడు. డాలు వెనక్కి లాక్కోవడం తప్ప దారి లేదా?

జ: లాక్కోకండి. ముందు లెక్క చూడండి, దారి అందులోనే కనిపిస్తుంది.

ప్లేట్ కవచానికి ఏసీ (దెబ్బ తగలాలంటే శత్రువు అందుకోవాల్సిన అంకె) 18, డాలుకు 2, డాలులోని మాయకు ఇంకో 2. మొత్తం 22. దాడికి +6 ఉన్న శత్రువు, అంటే వేసిన పాచికకు 6 కలుపుకునేవాడు, ఇరవై ముఖాల పాచిక మీద 16 గానీ అంతకు పైన గానీ వేస్తేనే దెబ్బ తగులుతుంది. అంటే నూటికి 25 సార్లు. మాయ లేని డాలుతో అయితే ఏసీ 20, నూటికి 35 సార్లు. అదే శత్రువు ఏసీ 15 ఉన్న విజార్డ్‌ను నూటికి 60 సార్లు కొడతాడు. ఫైటర్‌కు గట్టిగా తగలాలని మీరు దాడిని +10 చేస్తే, అతనికి 45 అవుతుంది, విజార్డ్‌కు 80 అవుతుంది. మీ బృందంలో జరుగుతున్నది ఇదే. ఒక్కడి కోసం పెంచిన అంకె మిగతా ముగ్గురి మీద పడుతోంది.

ఇందులో ఇంకో సంగతి ఉంది, చాలామంది గేమ్ మాస్టర్లు (ఆట నడిపేవాళ్లు) గమనించరు. ఏసీ ఎంత ఎక్కువ ఉంటే, దాని మీద కలిసే తరువాతి ఒక్క అంకెకు అంత విలువ. 15 నుంచి 16కు వెళితే ఈ శత్రువు దెబ్బలు 60 నుంచి 55కు తగ్గుతాయి, పన్నెండో వంతు. 22 నుంచి 23కు వెళితే 25 నుంచి 20కి తగ్గుతాయి, అయిదో వంతు. కాబట్టి ఏసీ పెంచే వస్తువు అందరికన్నా తక్కువ ఏసీ ఉన్నవాడికి వెళితే ఆటకు ఇబ్బంది ఉండదు. అందరికన్నా ఎక్కువ ఉన్నవాడికి వెళితేనే ఆట ఒక పక్కకు ఒరుగుతుంది. ఇకమీదట నిధిలో ఏసీ పెంచేది పెట్టేటప్పుడు అది ఫైటర్ వాడలేని రూపంలో పెట్టండి. కవచం, డాలు రెండూ లేనివాళ్లకు మాత్రమే పనిచేసే రక్షణ కడియాలు అందుకు సరిగ్గా సరిపోతాయి, +2 ఇస్తాయి.

ఇప్పటికి చేయాల్సింది ఏమిటంటే, ఏసీని అసలు పట్టించుకోని దాడులు తీసుకురండి. విజ్డమ్ 10 ఉండి, ఆ సేవ్‌లో, అంటే మంత్రాన్ని తట్టుకోవడానికి వేసే పాచికలో, ప్రొఫిషియెన్సీ (శిక్షణ వల్ల కలిసే అంకె) లేని ఫైటర్, డీసీ (అందుకోవాల్సిన అంకె) 14 ఉన్న మంత్రం ముందు నూటికి 65 సార్లు ఓడిపోతాడు. భయపెట్టే మంత్రాలు, కదలకుండా కట్టేసే మంత్రాలు, మంటల గోళం, విషపు పొగ ఏవీ డాలును చూడవు. పోరాటానికి చంపడం కాకుండా వేరే లక్ష్యం పెట్టినా పని జరుగుతుంది. ఆరు రౌండ్లలో మూసుకుపోయే ద్వారం, మధ్యలో ఆపాల్సిన యజ్ఞం, ఎత్తుకుపోతున్న బందీ ఉంటే, ఒకచోట నిలబడి దెబ్బలు ఆపుకునేవాడికి కూడా పరుగెత్తక తప్పదు. తెలివైన శత్రువులు డాలును వదిలి పక్క నుంచి వెళతారు. కానీ ప్రతి పోరాటంలోనూ ఇలా చేయకండి. మూడింట ఒకటైనా డాలు మెరిసేలా ఉండాలి, అది అతను గెలుచుకున్న వస్తువు.

తుప్పు పట్టించే రస్ట్ మాన్‌స్టర్‌ను వదిలి డాలు పాడుచేయాలని కొందరు అనుకుంటారు. అది మాయ లేని ఇనుమునే తింటుంది. ప్లస్ 2 డాలుకు ఏమీ కాదు, మాయ లేని ప్లేట్ కవచం మాత్రం పాడవుతుంది.

అట్యూన్‌మెంట్ (కొన్ని మాయ వస్తువులు పనిచేయాలంటే వాటితో ముడిపడటం) పరిమితి, అంటే ఒక్కొక్కరికి అలాంటి వస్తువులు మూడే అన్న నియమం, దీన్ని ఆపుతుందనీ అనుకోకండి. ప్లస్ 1, 2, 3 ఆయుధాలకు, కవచాలకు, డాళ్లకు అట్యూన్‌మెంట్ అక్కర్లేదు. రక్షణ ఉంగరానికి, రక్షణ అంగీకి కావాలి. అవి రెండూ ఒకదాని మీద ఒకటి కలుస్తాయి కూడా. పదో లెవెల్ దాకా ఒక్కో క్యారెక్టర్ దగ్గర ఏసీ పెంచే మాయ వస్తువు ఒకటికి మించకూడదన్నది మా గట్టి అభిప్రాయం.

ప్ర: ఎనిమిదో లెవెల్‌కు వచ్చేసరికి ఒక్కొక్కరి దగ్గర పదివేల బంగారు నాణేలు మూలుగుతున్నాయి. కొనడానికి ఏమీ లేదు. కొత్త నిధి దొరికినా ఎవరి ముఖంలోనూ సంతోషం లేదు. నేనే ఎక్కువ ఇచ్చేశానా?

జ: మీరు పట్టికలనే పాటించి ఉంటారు. పట్టికలే అలా కట్టారు. ఛాలెంజ్ (శత్రువు ఎంత కష్టమో చెప్పే అంకె) 0-4 నిధి కుప్పలో ఉండే రాగి, వెండి, బంగారమంతా బంగారంలోకి మారిస్తే సగటున 196 నాణేలు. 5-10 కుప్పలో 3,857. దాదాపు ఇరవై రెట్లు ఒక్క గంతులో! నియమ పుస్తకం అంచనా ప్రకారం మొదటి నాలుగు లెవెళ్లలో అలాంటి కుప్పలు ఏడు, అయిదు నుంచి పది దాకా పద్దెనిమిది. ఆ పద్దెనిమిదింటిలో నాణేలే 69 వేలు దాటుతాయి, నలుగురికి పంచితే తలా 17 వేలు. రత్నాలు, కళాఖండాలు దీనికి అదనం. కొనడానికి చూస్తే, మామూలు కవచాల జాబితాలో అన్నిటికన్నా ఖరీదైన ప్లేట్ 1,500 మాత్రమే.

1974లో ఈ ఆట మొదలైన కాలంలో బంగారం పని వేరు. ఒక బంగారు నాణెం సురక్షితంగా బయటికి తెస్తే ఒక అనుభవ పాయింటు వచ్చేది. బంగారమే లెవెల్. ఐదో ఎడిషన్‌లో ఆ ముడి తెగిపోయింది, కుప్పలు మాత్రం పెద్దవిగానే మిగిలాయి. అందుకని బంగారానికి మీరే పని కల్పించాలి.

అన్నిటికన్నా తేలికైన పని, ఐదో లెవెల్ నుంచి నాణేలను మూడో వంతుకో అయిదో వంతుకో తగ్గించడం. ఈ ఎడిషన్‌లో పోరాటాల లెక్క బంగారం మీద ఆధారపడదు కాబట్టి ఏదీ విరిగిపోదు. మీ క్యాంపెయిన్ నడుమలో ఉంది కనుక ప్లేయర్లకు ముందే చెప్పి చేయండి, చెప్పకుండా తగ్గిస్తే మోసపోయామనుకుంటారు.

రెండోది ఖర్చులు. చనిపోయినవాడిని ఒక నిమిషంలోపు లేపే రివివిఫై మంత్రానికి 300 నాణేల విలువైన వజ్రాలు కావాలి, అవి వాడగానే మాయమవుతాయి. పది రోజులలోపు లేపే రెయిజ్ డెడ్‌కు 500. సంచిలో డబ్బు ఉంటే చాలదనీ, వజ్రం చేతిలో ఉండాలనీ పట్టుబట్టండి. ఒక ఊరి వ్యాపారి దగ్గర రెండు మూడుకు మించి దొరకనివ్వకండి. అప్పుడు వజ్రం కొనడమే ఒక నిర్ణయం అవుతుంది. విజార్డ్ కొత్త మంత్రం పుస్తకంలోకి ఎక్కించుకోవాలంటే మంత్రం లెవెల్‌కు 50 నాణేలు, రెండు గంటలు. మూడో లెవెల్ మంత్రానికి 150, ఆరు గంటలు. పోరాటాల మధ్య ఖాళీ రోజులు ఇవ్వని గేమ్ మాస్టర్ దగ్గర ఈ ఖర్చు ఎప్పటికీ జరగదు, డబ్బు మూలగడానికి అది కూడా కారణమే.

కట్టడాలు ఇంకా పెద్ద దారి. వర్తక కేంద్రానికి 5,000 నాణేలు, 60 రోజులు. బురుజు గోపురానికి 15,000, వంద రోజులు. చిన్న కోటకు 50,000, నాలుగు వందల రోజులు, ఆపైన రోజుకు వంద నాణేల నిర్వహణ ఖర్చు. పదివేలు తలా ఉన్న మీ నలుగురూ కలిస్తే గోపురం వెంటనే మొదలుపెట్టవచ్చు, కోటకు ఇంకో పదివేలు తక్కువ పడతాయి. ఆ లోటు మీకు రాబోయే సాహసాన్ని రాసి పెడుతుంది. మాయ వస్తువు తయారీ నియమాలు 2017 అదనపు పుస్తకంలో అరుదుదనాన్ని బట్టి ఉన్నాయి: అన్‌కామన్‌కు (కొంచెం అరుదు) రెండు వారాలు, 200 నాణేలు, రేర్‌కు (అరుదు) పది వారాలు, 2,000. ఒకసారి వాడితే అయిపోయేవైతే అందులో సగం. ఆ లెక్కకు తోడు అరుదైన దినుసు కోసం ఒక మాన్‌స్టర్‌ను వెతకాలి కాబట్టి బంగారం ఒక్కటే సరిపోదు. అదే దాని అందం.

ఇక బరువు. యాభై నాణేలు ఒక పౌండ్. సగటు 5-10 కుప్పలో 9,905 నాణేలు ఉంటాయి, అంటే 198 పౌండ్లు. స్ట్రెంగ్త్ 10 ఉన్నవాడు మోయగలిగేది 150. అందులో వెండి ఒక్కటే 140 పౌండ్లు తూగుతుంది, విలువ చూస్తే 700 బంగారమే. వెండి వదిలేద్దామా, రెండోసారి వద్దామా అన్న వాదన బల్ల దగ్గర మొదలైందంటే నిధికి ప్రాణం వచ్చినట్టే. బ్యాగ్ ఆఫ్ హోల్డింగ్ (బయటికి కనిపించేదానికన్నా లోపల చోటు ఎక్కువున్న మాయ సంచి) చేతికి వచ్చిందంటే 500 పౌండ్ల దాకా ఈ బాధ తీరిపోతుంది. కాబట్టి దాన్ని ఎప్పుడు ఇస్తున్నారో ఆలోచించి ఇవ్వండి.

ప్ర: మాయ వస్తువులు అమ్మే దుకాణం పెట్టవచ్చా?

జ: పెట్టవచ్చు, సరుకు మీరు ఎంచి పెట్టాలి. పుస్తకంలోని ధరలు అరుదుదనాన్ని బట్టి ఉన్నాయి: కామన్ 50-100, అన్‌కామన్ 101-500, రేర్ 501-5,000, వెరీ రేర్ 5,001-50,000. చిక్కు ఏమిటంటే ఒకే వరుసలో ఉన్నవన్నీ ఒకే బలం ఉన్నవి కావు. ఎగిరే చీపురు అన్‌కామన్, దానికి అట్యూన్‌మెంట్ కూడా అక్కర్లేదు. నీరు ఆగకుండా పోసే కూజా కూడా అన్‌కామనే. ఆ చీపురు 400 నాణేలకు దొరికిందంటే అగాధాలు, గోడలు, నేల మీద నిలబడి కొట్టే శత్రువులు అన్నీ మీ సాహసం నుంచి ఒకేసారి తప్పుకుంటాయి. ఎగరడం, కనబడకుండా పోవడం, ఏసీ పెంచడం, స్ట్రెంగ్త్‌ను నేరుగా 19 చేయడం ఈ నాలుగూ దుకాణంలో పెట్టకండి. సాహసంలో దొరికితే దొరకనివ్వండి. ఒకసారి వాడితే అయిపోయేవి, వెలుగు, ప్రయాణం, సమాచారానికి పనికివచ్చేవి దుకాణంలో నిండుగా పెట్టండి. ఒక్కోసారి అయిదారు వస్తువులు చాలు, బృందం తిరిగి వచ్చేసరికి మార్చండి. వాళ్లు అమ్మే మామూలు ఆయుధాలకు సగం ధరే ఇవ్వండి. రత్నాలకు, కళాఖండాలకు మాత్రం పూర్తి విలువ, నియమం కూడా అదే.

ప్ర: మా ప్లేయర్లు పోషన్లు (తాగే మాయ మందులు), స్క్రోళ్లు (ఒకసారి చదివితే అయిపోయే మంత్రపత్రాలు) దాచుకోవడమే కానీ వాడరు. పన్నెండో లెవెల్‌లో కూడా రెండో లెవెల్‌నాటి పోషన్ సంచిలోనే ఉంది.

జ: దీనికి కారణం పిసినారితనం అనుకుంటారు, సగం కారణం నియమమే. మామూలు హీలింగ్ పోషన్ 2డి4+2 (నాలుగు ముఖాల పాచికలు రెండు వేసి 2 కలపడం), సగటు 7. దాన్ని తాగడానికి ఒక యాక్షన్, అంటే తన వంతులో చేయగల ప్రధానమైన పని, పోతుంది. అదే యాక్షన్‌తో కొడితే 15 దెబ్బ పడుతుందని ఫైటర్‌కు తెలుసు, కాబట్టి తాగడు, అతని లెక్క సరైనదే. 2024 నియమాల్లో తాగడం బోనస్ యాక్షన్ (యాక్షన్‌కు తోడు చేసే చిన్న పని) అయింది. పాత నియమాలు ఆడేవాళ్లు కూడా ఆ ఒక్కటీ తెచ్చుకుంటే పోషన్లు కదలడం మొదలవుతుంది.

మిగతా సగం ఎక్కడ ఇస్తున్నారన్న దాంట్లో ఉంది. చివరి గదిలో, పోరాటాలన్నీ అయ్యాక దొరికిన పోషన్ సంచిలోకే పోతుంది. మొదటి రెండు గదుల్లోనే ఇవ్వండి. మంటలను తట్టుకునే పోషన్‌ను, మంటలు ఊదే జంతువు గదికి రెండు గదుల ముందు పెట్టండి. అది ఏమిటో దాచకండి, రుచి చూడగానే చెప్పేయండి. ఒక్కటి కాకుండా రెండు మూడు కలిపి ఇవ్వండి. ఒక్కటే ఉన్నది ఆఖరిది కాబట్టి దాచుకోవాలనిపిస్తుంది, మూడు ఉంటే ఒకటి పోయినా ఫర్వాలేదు. స్క్రోళ్లకు ఇంకో అడ్డు ఉంది: మంత్రం తమ క్లాస్ (ఫైటర్, విజార్డ్, డ్రూయిడ్ లాంటి వృత్తి) జాబితాలో లేకపోతే చదవలేరు. బృందంలో డ్రూయిడ్ లేనప్పుడు డ్రూయిడ్ స్క్రోల్ ఇవ్వడం నిధి ఇచ్చినట్టు కాదు.

ప్ర: పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ ఆడుతున్నాం. మాయ అరుదుగా ఉండే లోకం కావాలని వస్తువులు దాదాపు ఇవ్వలేదు. ఐదో లెవెల్‌లో పోరాటాలు సాగి సాగి విసుగొస్తున్నాయి, పైగా ఓడిపోతున్నారు. ఐదో ఎడిషన్‌లో ఇలాగే ఆడితే ఏ ఇబ్బందీ రాలేదు.

జ: రెండు ఆటల్లో వస్తువుల స్థానం పూర్తిగా వేరు. ఐదో ఎడిషన్ పోరాటాల లెక్కలో మాయ వస్తువు ఉంటుందని అనుకోరు, అది పైన వచ్చే అదనం. పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లో శత్రువుల అంకెలు మీ దగ్గర ఫలానా లెవెల్‌కు ఫలానా రూన్ (ఆయుధం, కవచం మీద చెక్కే మాయ గుర్తు) ఉంటుందనుకునే కట్టారు.

దాడికి +1 ఇచ్చే పోటెన్సీ రూన్ రెండో లెవెల్ వస్తువు. స్ట్రైకింగ్ రూన్ నాలుగో లెవెల్, అది ఆయుధం పాచికలను రెండు చేస్తుంది. లాంగ్‌స్వోర్డ్ 1డి8, స్ట్రెంగ్త్ +4 అయితే సగటు దెబ్బ 8.5. స్ట్రైకింగ్‌తో 13. మీ ఫైటర్ మూడింట ఒక వంతు దెబ్బ కోల్పోతున్నాడు, అందుకే పోరాటం సాగుతోంది. ఈ ఆటలో లక్ష్యంగా ఉన్న అంకెను పది గానీ అంతకు పైన గానీ మించితే క్రిటికల్, అంటే రెట్టింపు దెబ్బ, కాబట్టి +1 లేకపోవడం ఒక్క అంకె నష్టంతో ఆగదు. తగలడమూ తగ్గుతుంది, రెట్టింపు దెబ్బా తగ్గుతుంది. కవచానికి +1 రూన్ ఐదో లెవెల్. అది లేకపోతే అదే నష్టం మీ వైపు తిరుగుతుంది.

మాయ తక్కువ లోకం మీకు నిజంగా ఇష్టమైతే వదులుకోనక్కర్లేదు. ఆటోమేటిక్ బోనస్ ప్రోగ్రెషన్ అనే ఐచ్ఛిక నియమం సరిగ్గా మీలాంటివారి కోసమే ఉంది. రెండో లెవెల్‌లో దాడికి +1, నాలుగులో రెండు ఆయుధ పాచికలు, ఐదులో ఏసీకి +1, ఎనిమిదిలో సేవ్‌లకు +1 క్యారెక్టర్‌కే వచ్చేస్తాయి, కత్తి మామూలు కత్తిగానే ఉంటుంది. ఈరోజే అమల్లోకి తెచ్చి, మీ లెవెల్‌కు రావాల్సినవన్నీ ఒకేసారి ఇచ్చేయండి. ఆ నియమం వద్దనుకుంటే పుస్తకం చెప్పిన మొత్తం ఇవ్వక తప్పదు. నలుగురి బృందానికి మొదటి లెవెల్‌లో మొత్తం విలువ 175 బంగారు నాణేలు, తరువాత వరసగా 300, 500, 850, ఐదో లెవెల్‌లో 1,350. ఇది ఆ లెవెల్ ఆడుతున్నంత కాలంలో ఇచ్చే మొత్తం. రహస్య గదుల్లో పెట్టింది బృందం కనుక్కోకపోతే ఇచ్చినట్టు లెక్క కాదు, దాన్ని ఇంకోచోటికి మార్చండి.

ప్ర: పాచిక వేసి ఇవ్వడం మంచిదా, ఎంచి ఇవ్వడం మంచిదా?

జ: సెషన్‌కు ముందు ఇంట్లో పాచిక వేయండి, వచ్చినదాన్ని చూసి మార్చండి. పాచిక మీకు తట్టని వస్తువులు తెస్తుంది, మీ కన్ను అక్కరకు రానివాటిని ఏరేస్తుంది. పొడవాటి గ్లేవ్ (కర్రకు బిగించిన కత్తి) మీద ఫీట్ (ప్రత్యేక నైపుణ్యం) తీసుకున్న ఫైటర్‌కు మాయ కత్తి దొరికితే, దాన్ని వాడితే ఫీట్ వృథా, వాడకపోతే కత్తి వృథా. పట్టికలో "కత్తి" అని వస్తే "గ్లేవ్" అని మార్చడానికి మీకు పూర్తి హక్కు ఉంది. 2014 నియమాల్లో చాలా మాన్‌స్టర్లకు మాయ లేని ఆయుధం సగం దెబ్బే వేస్తుంది, కాబట్టి ఆయుధంతో పోరాడేవాళ్లందరికీ ఆరో లెవెల్ నాటికి ఏదో ఒక మాయ ఆయుధం అందేలా చూడండి. మాంక్ (ఒట్టి చేతులతో పోరాడే క్లాస్) చేతులు ఆరో లెవెల్‌లో వాటంతట అవే మాయ ఆయుధాలవుతాయి.

మొత్తం ఎంత అన్నదానికి కొలత 2017 పుస్తకంలో ఉంది: నలుగురి బృందానికి ఒకటి నుంచి ఇరవై దాకా సుమారు వంద వస్తువులు, అందులో పెద్దవి ఇరవై మాత్రమే, మిగతా ఎనభై చిన్నవి, చాలావరకు వాడితే అయిపోయేవి. పెద్దవాటిలో మొదటి నాలుగు లెవెళ్లకు రెండే. ఒక కాగితం మీద నలుగురి పేర్లు రాసి, ఎవరికి ఏ లెవెల్‌లో ఏం దొరికిందో పెట్టుకోండి. శాశ్వతంగా అంకె పెంచేవాటి కింద గీత గీయండి. మూడు నాలుగు సెషన్లకోసారి చూస్తే ఒకరి వరుసలో నాలుగు గీతలు, ఇంకొకరి వరుసలో సున్నా కనిపిస్తాయి. రాబోయే పెట్టెలో ఏముండాలో ఆ కాగితమే చెబుతుంది.

ప్ర: నిధి పంచుకోవడంలో గొడవలు వస్తున్నాయి.

జ: నలుగురుంటే నాణేలను అయిదు వాటాలు చేయమనండి, అయిదోది బృందం ఉమ్మడి సంచి. వజ్రాలు, పోషన్లు, బస, గుర్రాలు అందులోంచి. వస్తువులను డబ్బు విలువ కట్టి పంచకూడదు, ఎవరి చేతిలో ఎక్కువ పనిచేస్తుందో వాళ్లకు. ఇద్దరికీ సమానంగా పనిచేస్తే ఇప్పటిదాకా తక్కువ అందుకున్నవాళ్లకు. ఈ ఒప్పందం మొదటి సెషన్‌లోనే జరగాలి, పెట్టె తెరిచాక కాదు.

ప్ర: ఏడో లెవెల్‌లో కొత్త ప్లేయర్ చేరుతున్నాడు. ఏం ఇచ్చి మొదలుపెట్టాలి?

జ: పుస్తకం ప్రకారం మామూలు క్యాంపెయిన్‌లో 5-10 లెవెళ్లకు తొలి సామగ్రి, 500 నాణేలు, ఆపైన 1డి10ను 25తో గుణిస్తే వచ్చేవి. మాయ వస్తువు ఏమీ లేదు. మిగతావాళ్ల దగ్గర తలా మూడు వస్తువులుంటే ఇది అన్యాయం. ఇప్పటి నలుగురి కాగితం చూసి, అందరికన్నా తక్కువ ఉన్నవాడితో సమానంగా ఇవ్వండి. దానిలో ఒకటి అతను ఎంచుకోవాలి, మిగతావి మీరు. ఎంపికకు అన్‌కామన్ వరకే అనుమతించండి, దుకాణం విషయంలో చెప్పిన ఆ నాలుగు రకాలు మినహాయించండి. నాణేలు మిగతావాళ్లకున్నంత ఇవ్వనక్కర్లేదు. ఉమ్మడి సంచి ఉంది, రెండు సాహసాల్లో తేడా సర్దుకుంటుంది.